గోదారి గాలిలో నరం విల్లు: నా అనుభవం

నరం (కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు), జిగురు వేసి విల్లు చేస్తున్నానంటే మా వైపు ఎవరైనా మొదట అడిగేది "ఎందుకండీ?" అని. దానికి నా దగ్గర పెద్ద జవాబేమీ లేదు, సరదా అంతే. తర్వాత అడిగేది "కంపు కొట్టదా?" అని. కొడుతుంది. త్వరగా ఎండితే ఆగిపోతుంది. ఎండకుండా నానుతూ కూర్చుంటే మాత్రం ఇంట్లోవాళ్లు విల్లుతో పాటు మనల్ని కూడా అరుగు మీదికి పంపేస్తారు. అసలు ఈ పనంతా ఆ ఎండడం చుట్టూనే తిరుగుతుంది. కొన్ని నెలలు దానితో గడిపాక, చేతి నేర్పు కన్నా ఏ నెలలో ఏ పని పెట్టుకున్నామన్నదే ఎక్కువ అని నాకు గట్టిగా అనిపించింది. ముఖ్యంగా మా డెల్టాలో.

నేనుండేది నరసాపురం దగ్గర, వశిష్ఠ గోదావరి ఒడ్డున. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. అందువల్ల మంచి థర్మామీటరు, గాలిలో తేమ చూపించే మీటరు, గ్రాములో పదోవంతు తేడా పట్టేసే కాటా ఎప్పుడూ చేతికి దగ్గర్లోనే ఉంటాయి. వడ్రంగం నాకు అంతంత మాత్రమే. ఆ లోటును ఈ మూడూ చాలావరకు పూడ్చాయి.

ముందు, విల్లుకు నరం ఎందుకో చెప్పాలి. విల్లు లాగినప్పుడు బాణం వెళ్లే వైపు సాగుతుంది, మన ముఖం వైపు నొక్కుకుంటుంది. కర్ర కొంతవరకే సాగుతుంది. ఆ హద్దు దాటితే పుల్లలు లేచి ఠప్పున విరుగుతుంది. అందుకే ఒట్టి కర్రతో చేసిన విల్లు గట్టిగా ఉండాలంటే మనిషెత్తు పొడవు ఉండాలి. పశువు కాలి నరం మాత్రం కర్ర కన్నా చాలా ఎక్కువ సాగి, వదిలితే మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. సాగే వైపు దాన్ని అతికిస్తే పొట్టి విల్లు కూడా బాగా వంగుతుంది. నొక్కుకునే వైపు గేదె కొమ్ము, మధ్యలో కర్ర, బయట నరం: టర్కీ, కొరియా, మొఘలుల విల్లులు ఎక్కువగా ఈ పద్ధతివే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ తాటి, వెదురు, కొయ్య, కొమ్ము అని నాలుగు రకాల విల్లులు చెప్పాడు. వింటినారికి పనికొచ్చేవాటిలో జిల్లేడు, జనుము, వెదురుతో పాటు స్నాయువును కూడా చేర్చాడు. ఆ జాబితాలో తాటి విల్లు చూడగానే మా గట్ల మీది చెట్లే గుర్తొచ్చాయి. ఎప్పటికైనా అదొకటి చేయాలి.

ఈసారికి కొమ్ము జోలికి పోలేదు. రాజమండ్రి నుంచి తెచ్చిన సాధనపు వెదురు (గట్టిగా ఉండే ఒక రకం) దబ్బ, దాని మీద నరం, అంతే. వెదురుకు పై బెరడు నున్నగా, మైనం పూసినట్టు ఉండి జిగురు పట్టదు. లోపలి వైపు చదును చేస్తే జిగురు బాగా పీలుస్తుంది. అందుకని బెరడు వైపు నా ముఖానికి వచ్చేలా, చదును చేసిన వైపు బయటికి వచ్చేలా పెట్టుకున్నాను. మరీ బలమైన విల్లుకు ఈ అమరిక చాలదు. నాలుగున్నర అడుగుల తేలికపాటి విల్లుకు ఫరవాలేదు.

గేదె మాంసం అమ్మే కొట్టుకు వెళ్లి కాళ్ల వెనక నరాలు కావాలని అడిగితే కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు.

"కుక్కలకాండీ?"

"కాదండీ, విల్లు చేయడానికి."

"ఏ సినిమాకండీ?"

సినిమా ఏదీ లేదని తెలిశాక కొంచెం నిరాశపడ్డాడు కానీ, మడమ పైనుంచి మోకాలి దాకా ఉండే పొడవాటి నరాలు తెగకుండా తీసి పెట్టాడు. పొడవు ముఖ్యం. జానెడు ముక్కలతోనూ పని జరుగుతుంది గానీ అతుకులు ఎక్కువవుతాయి. వీపు వెంట ఉండే నరం ఇంకా పొడవు, దారాలు కూడా తేలిగ్గా విడిపోతాయి. కానీ కొట్టులో దాన్ని మాంసంతో కలిపి ముక్కలు కొట్టేస్తారు కాబట్టి దొరకడం కష్టం.

ఇంటికి తెచ్చాక అంటుకున్న మాంసం, కొవ్వు, పైన తొడుగులా ఉండే పొర గీకేసి నీడలో వేలాడదీయాలి. దండెం ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిది. మా వీధి పిల్లులు, కాకులు, చీమలు ఈ విషయంలో ఒక్క మాట మీద ఉంటాయి. బాగా ఎండాక నరం తేనె రంగుకు తిరిగి, గోటితో కొడితే టకటకమనేంత గట్టిగా అవుతుంది. అప్పుడు దాన్ని కొట్టి దారాలుగా విడదీయాలి. ఇనప సుత్తి పనికిరాదు, అంచు తగిలి పోగులు తెగిపోతాయి. నున్నటి రాయి కావాలి. డెల్టాలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే గానీ రాయి ఎక్కడిది? ఇంట్లో ఉన్న ఒకే ఒక నున్నటి రాయి సన్నికల్లు పొత్రం. దాని మీద చెయ్యి వేయబోతే మా ఆవిడ "ఏవండీ, రేపు పచ్చడి మీరు కూడా తినాలి మరి" అంది. తుమ్మ కొయ్యతో సుత్తి చేయించుకున్నాను. చింత మొద్దు మీద పెట్టి ఓపిగ్గా కొడుతూ ఉంటే పసుపు రంగు పోయి తెల్లటి పీచు బయటపడుతుంది. దాన్ని వేళ్లతో చీల్చి, ఇనప దువ్వెనతో దువ్వి, గోరువెచ్చటి కుంకుడు రసంలో ఉతికి జిడ్డు వదిలించాలి. జిడ్డు మిగిలితే జిగురు పట్టదు. ఆఖరున పొడవును బట్టి వేరు చేసి, కాటా మీద రెండేసి గ్రాముల కట్టలుగా తూచి పెట్టుకున్నాను. విల్లుకు రెండు వైపులా ఒకే బరువు నరం పడాలంటే కంటి అంచనా చాలదు. చేతులు నొప్పి పుట్టేది ఈ దశలోనే. వంద గ్రాముల పైన దారం కావాలి, కొట్టేకొద్దీ వచ్చేది చిటికెడు.

ఇక జిగురు. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

మా వీధిలో ఒక పెద్ద మేస్త్రి ఉన్నారు. జిగురు సంగతి ఎత్తగానే "వజ్రం వండేవాళ్లం బాబూ, ఆ కంపు ఫెవికాల్ వచ్చాక వదిలింది" అన్నారు. వజ్రం అంటే ఇక్కడ రాయి కాదు, తోలు జిగురు. ఫెవికాల్ మార్కెట్‌లోకి వచ్చింది 1959లో. పల్లెటూళ్ల దాకా రావడానికి ఇంకా చాలా కాలం పట్టి ఉంటుంది. అంతకుముందు కొయ్య పనిలో అతుకులకు ఎక్కువగా వాడింది పశువుల తోలు ఉడకబెట్టి తీసిన జిగురే. తోలు, నరం, చేప లోపలి గాలి బుడగ, ఈ మూడింట్లోనూ ఉండేది కొల్లాజెన్ అనే ఒకే ప్రొటీను. నీళ్లలో వేడి చేస్తే దాని పేటలు విడిపోయి జిగురవుతుంది. అంటే ఈ పనిలో అతికించేదీ, అతికేదీ ఒకే పదార్థం. నరానికి ఇంతకన్నా నప్పే బంక ఇంకోటి ఉండదని అందుకే అంటారు.

తోలు కోసం కాకినాడ దగ్గరి మాధవపట్నం వెళ్లాను. తోలుబొమ్మలాట కళాకారుల ఊరు అది. బొమ్మలకు వాడే మేకతోలు షాపుల్లో చెప్పులకు వాడే తోలులాంటిది కాదు. రోమాలు తీసి, గీకి, వెలుతురు కనిపించేంత పల్చగా ఆరబెడతారు తప్ప రసాయనాలతో పదును పెట్టరు. క్రోమియంతో పదును పెట్టిన తోలును ఎంత ఉడకబెట్టినా జిగురు సరిగా రాదు, ఆ పేటలు బిగుసుకుపోయి ఉంటాయి. కత్తిరింపు ముక్కలు అడిగితే ఒక పెద్దాయన సంచీ నిండా ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. నేను నరాలు దువ్వగా మిగిలిన పొట్టు పీచు కూడా దీంట్లోనే వేశాను.

ముక్కల్ని రాత్రంతా నానబెట్టి, నీళ్లు మార్చి, గిన్నెలో గిన్నె పెట్టి వండాలి. ఇక్కడ ల్యాబ్ థర్మామీటరు నా ప్రాణం కాపాడింది. 60 నుంచి 65 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఉండాలి. తెర్లనిస్తే పని త్వరగా అయినట్టు కనిపిస్తుంది గానీ ప్రొటీను పేటలు మరీ చిన్న ముక్కలై జిగురు బలం తగ్గిపోతుంది. పాత పంచె గుడ్డలో వడకట్టి పళ్లెంలో పోస్తే చల్లారాక జున్ను ముక్కలా గడ్డకడుతుంది. దాన్ని కత్తితో కోసి, రొయ్యల వల మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాను. పూర్తిగా ఎండిన పలుకులు డబ్బాలో పోసి పెట్టుకుంటే ఎన్నాళ్లయినా ఉంటాయి. కావలసినప్పుడు నానబెట్టి వెచ్చబెట్టుకోవడమే.

చేప జిగురు ఇంకా సులువు, మా ఊళ్లో అయితే మరీను. బొచ్చె, శీలావతి కోసే చోట తెల్లటి గాలి బుడగలు చెత్తలోకే పోతాయి. చేపలు కోసే ఆవిడ "పారేసేదే కదా నాయనా, తీసుకుపో" అని కవరులో వేసిచ్చింది. అన్ని బుడగలూ చెత్తలోకి పోవులెండి. అంతర్వేది వైపు బోటుకు కచిడి చేప పడితే పేపర్లో వార్త వస్తుంది, ఒక్క చేప లక్షల్లో పలుకుతుంది. ఆ ధర మాంసానికి కాదు, దాని బుడగకు. కచిడి గొరక జాతిది. కొరియాలో సంప్రదాయ విల్లులకు వాడే జిగురు కూడా గొరక జాతి చేప బుడగ నుంచి తీసిందే. లక్షల బుడగను నేను జిగురు గిన్నెలో వేసే ప్రశ్నే లేదు, బొచ్చె బుడగతో సరిపెట్టుకున్నాను. నెత్తురు కడిగి, పైపొర ఒలిచి, సన్నగా తరిగి, నానబెట్టి అదే వేడి మీద కరిగిస్తే దాదాపు రంగు లేని, వాసన తక్కువున్న జిగురు వస్తుంది. తోలు జిగురు కన్నా ఇది నిదానంగా గడ్డకడుతుంది. చేపల కొల్లాజెన్‌లో ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ అనే భాగాలు తక్కువ ఉండటం దానికి కారణం. చన్నీటి చేపల్లో అవి ఇంకా తక్కువ, మన వేడి నీళ్ల చేపల్లో కొంత నయం. ఎండిన తర్వాత కూడా దీనికి కాస్త సాగే గుణం ఉంటుంది. వెదురు ముక్కల్ని రెండు జిగుళ్లతోనూ అతికించి విరిచి చూస్తే రెండు సందర్భాల్లోనూ వెదురే చీలింది, అతుకు ఊడలేదు. చివరికి రెండూ సగం సగం కలిపి వాడాను. అది నా ఇష్టం, శాస్త్రం కాదు.

జిగురు వండేటప్పుడు ఎంత వేడి ఉండాలో, నరం ముంచేటప్పుడు అంత ఉండకూడదు. తడి నరాన్ని 60 డిగ్రీలు దాటిన ద్రవంలో వేస్తే అది కూడా జిగురయ్యే దారి పడుతుంది. ఒక చిన్న పోగును కావాలనే వేడి జిగురులో వేసి చూశాను. చూస్తుండగానే ముడుచుకుని సగం పొడవుకు వచ్చేసి రబ్బరులా అయిపోయింది. దాంట్లో ఇక బలం ఉండదు. అందుకని ముంచే గిన్నె 45 డిగ్రీల దగ్గర పెట్టుకున్నాను. థర్మామీటరు లేనివాళ్లు వేలు పెట్టి చూసుకుంటారు, హాయిగా ఓర్చుకోగలిగితే నరానికి కూడా ఫరవాలేదన్నమాట.

ఇప్పుడు అసలు టెన్షన్: ఎప్పుడు అతికించాలి?

ప్రాచీన చైనా శిల్పగ్రంథం ఒకదాంట్లో విల్లు పనికి కాలాలు పంచిపెట్టారు. చలికాలంలో కర్ర కోయాలి, వసంతంలో కొమ్ము నానబెట్టాలి, వేసవిలో నరం సిద్ధం చేయాలి, శరత్తులో మూడూ కలపాలి. బాగానే ఉంది, కానీ మా శరత్తు అంటే తుఫాన్ల కాలం. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం ఎప్పుడేం చేస్తుందో తెలియదు, గోడలకు చెమ్మ దిగుతుంది, తలుపులు బిగుసుకుపోతాయి. ఆ పట్టిక ఇక్కడ నడవదు.

మండు వేసవి మంచిది కదా అనుకుంటాం. వడగాడ్పు కొట్టే మధ్యాహ్నాల్లో మీటరు 40 శాతం కిందికి కూడా దిగుతుంది. కానీ ఆ వేడిలో జిగురు గడ్డకట్టదు. తడిగానే ఉండిపోయి నరం జారిపోతుంది. ఎండేలోపు బాక్టీరియా పట్టి, జిగురు నీళ్లయి కుళ్లుతుంది. పైగా సాయంత్రం పైరగాలి మొదలైతే తేమ మళ్లీ 75 దాటుతుంది. వానాకాలం గురించి చెప్పక్కర్లేదు.

మిగిలింది సంక్రాంతి వెళ్లాక వచ్చే రోజులు. తెల్లవారుజామున 20 డిగ్రీల చలి ఉంటుంది కాబట్టి జిగురు వేసిన వెంటనే గడ్డకట్టి నరాన్ని కదలకుండా పట్టుకుంటుంది. ఆ వేళ మంచు వల్ల తేమ 90 ఉన్నా నష్టం లేదు, పట్టుకోవడానికి చలి చాలు. మధ్యాహ్నానికి ఉత్తరపు గాలి వల్ల తేమ యాభై, అరవైకి పడిపోతుంది, అప్పుడు ఎండుతుంది. ఈ రెండూ ఒకే రోజులో దొరికేది మాకు పుష్య, మాఘ మాసాల్లోనే. అంతర్వేది తీర్థానికి జనం కట్టే రోజులకల్లా నరం పని పూర్తి చేయాలని పెట్టుకున్నాను.

వేసే ముందు వెదురును రంపపు పళ్లతో పొడవునా గీరి, జిడ్డు పోయేలా కడిగి ఆరబెట్టి, పల్చటి జిగురు నాలుగైదు పూతలు వేశాను. వెదురు ఇక పీల్చుకోవడం ఆపేదాకా వేయాలి, లేదంటే పైన వేసే నరంలోని జిగురును లాగేసుకుంటుంది. వింటికొప్పులు (విల్లు కొనలు) రెండింటికీ తాడు కట్టి దబ్బను వెనక్కి, అంటే నారి లాగే దిశకు వ్యతిరేకంగా కొంచెం వంచి బిగించాను. ఆ తర్వాత కట్ట తీసుకుని జిగురులో నానబెట్టి, రెండు వేళ్ల మధ్య గట్టిగా పిండి, నడిమి నుంచి కొనల వైపు పరుచుకుంటూ పోవడమే. గోడ కట్టేటప్పుడు ఇటుకల అతుకులు ఒకదాని కింద ఒకటి రాకుండా చూస్తాం కదా, ఇక్కడా అదే నియమం. ఒక కట్ట చివర పక్క కట్ట నడిమికి రావాలి. మిగులు జిగురు పిండకపోతే పొర మందంగా కనిపిస్తుంది గానీ అందులో నరం తక్కువ, జిగురు ఎక్కువ. ఎండాక పగిలేది అదే. వేళ్లకు అంటుకున్న జిగురు గడ్డకట్టి చేతులు బిర్రబిగిసిపోతుంటే పక్కనే వేడినీళ్ల గిన్నె పెట్టుకుని ముంచుకుంటూ చేశాను. మా అబ్బాయి కట్టలు అందిస్తూ కాసేపు నిలబడి, ముక్కు మూసుకుని వెళ్లిపోయాడు.

అలా మూడు పొరలు, ఒక్కో పొరకూ మధ్య వారం పైన ఎడం. ఆరుతున్న కొద్దీ నరం కుంచించుకుని దబ్బను వెనక్కి లాగుతుంది. తాళ్లు విప్పాక కూడా విల్లు అవతలి వైపుకే వంగి ఉండిపోయింది. మేస్త్రి గారు వచ్చి చూసి, "ఇది తిరగబడిందేంటి బాబూ, మళ్లీ చెయ్యాలా?" అన్నారు. అలా తిరగబడటమే కావాలండీ, నారి ఎక్కించేసరికే సగం బలం అందులో ఉంటుంది అని చెప్పాను. చేత్తో రెండుసార్లు తడిమి చూసి, "మరైతే మా వజ్రం మంచిదే" అన్నారు.

ఎప్పటికి ఎండినట్టు? పైన తాకితే కొన్ని రోజులకే గట్టిగా ఉంటుంది, లోపల తడి ఉంటుంది. టర్కీ పనివాళ్లు సంవత్సరం దాకా ఆగేవారట. నేను కాటాను నమ్ముకున్నాను. వారం వారం తూస్తూ ఉంటే మొదట బరువు చకచకా తగ్గింది, తర్వాత నెమ్మదించింది, వేసవి మధ్యకు వచ్చేసరికి ఆగిపోయింది. అప్పుడే నారి ఎక్కించాను. కాలువలు కట్టేసి, బోదెల్లో కూడా నీళ్లు లేని రోజులవి. నారికి చేపల వల పాలిస్టర్ దారం పేనుకున్నాను. నైలాన్ సాగిపోతుంది, పనికిరాదు. నా ముఖం వైపున్న వెదురును కొంచెం కొంచెం గీకి రెండు రెక్కలూ సమంగా వంగేలా చేయడానికి చాలా సాయంత్రాలు పట్టింది. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. గీకడం, లాగి చూడటం, మళ్లీ గీకడం, అంతే. గడ్డి మోపుకు బస్తా చుట్టి గురి పెట్టుకున్నాను. చేపల తూకానికి వాడే స్ప్రింగ్ కాటా తగిలించి లాగితే 24 అంగుళాల దగ్గర 16 కిలోలు చూపించింది.

శ్రావణంలో అదే కాటాతో అంతే లాగితే 13 కిలోలే. అప్పటికి లక్క, స్పిరిట్ కలిపిన పాలిష్ చాలా పూతలు వేసి ఉన్నాను. పాలిష్ తేమను ఆలస్యం చేస్తుంది గానీ ఆపలేదు. గాలిలో తేమ 85 దగ్గర నెల రోజులు నిలబడితే నరం తనకు కావలసింది తాగేస్తుంది. మన దేశంలో ఒకప్పుడు ఉక్కుతో విల్లులు చేయడానికి ఒక కారణం ఇదే. ఆయుధాగారంలో ఏళ్ల తరబడి పెట్టినా వాటికి చెమ్మ బాధ లేదు. కొరియావాళ్లు విల్లును వెచ్చటి బీరువాలో దాచుకుంటారు. నేను ఒక పొడవాటి చెక్కపెట్టె చేయించి, అడుగున చిన్న బల్బు, పైన తేమ మీటరు పెట్టాను. లోపల 35 డిగ్రీలు, 50 శాతం తేమ. రెండు వారాల్లో విల్లు బరువు తగ్గి, బలం చాలావరకు తిరిగి వచ్చింది. పురుగు పట్టకుండా పెట్టెలో కర్పూరం బిళ్లలు వేస్తున్నాను.

వరద కాలంలో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఆ నెలల్లో దీన్ని పెట్టెలోంచి తీయను. తొలకరి నుంచి దీపావళి దాకా సాధనంతా ఒట్టి వెదురు విల్లుతోనే. అది ఆరడుగుల పొడవుంటుంది, ఆటోలో పట్టదు, వానలో తడిసినా తుడిచి గోడకు తగిలిస్తే సరిపోతుంది.